తుఫాను పేరంటం

తుఫాను షెల్టరు మేడ మీది హాల్లో నానబెట్టిన సెనగలు పంచుతూ, వరసగా కూర్చున్న ఆడవాళ్ల ముఖాలు చూసుకుంటూ పోతున్నాను. ఒక నుదురు, దాని మీద ఎర్రటి బొట్టు. పక్క నుదురు, మళ్లీ బొట్టు. గోడ దాకా అన్నీ బొట్లే. గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది, భోజనాల వేళకే బయట మసక కమ్మింది. నాకు భయం వేసింది వాటిని చూసి కాదు. మా ఊళ్లో బొట్టు లేని ఆడవాళ్లు కూడా ఉన్నారు కదా, వాళ్లేరీ అనిపించినప్పుడు వేసింది.

సెనగల గిన్నె దగ్గర్లో కూర్చున్నావిడ ఒళ్లో పెట్టి పక్క గదిలోకి వెళ్లాను. హాలు దాటితే వచ్చే ఆ గదిలో మగవాళ్లున్నారు. కొడుకుల వెంట ముందుగానే వచ్చిన ముసలమ్మలు కూడా అక్కడే గోడకు ఒదిగి కూర్చున్నారు. కోటమ్మ లేదు. కోటమ్మ అత్త లేదు. కోటమ్మ కూతురు వైష్ణవి లేదు. ఆ ఇంట్లో మగవాడు లేడు, బొట్టున్న ఆడమనిషి లేదు. కాబట్టి మా మహిళా మండలి పద్ధతి ప్రకారం ఆ ఇల్లే లేదు.

ఎవరికోసం రాస్తున్నాను

విడవలూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు మాది. నేను ఆ ఊరి మహిళా మండలికి కార్యదర్శిగా పనిచేసి ఈమధ్యనే రిటైరయ్యాను. ముప్పై దాటి ఎన్నో ఏళ్లు కాని మనిషి రిటైరవడమేమిటని అడగొచ్చు. జీతం లేని ఉద్యోగాల్లో రిటైర్మెంటు వయసు అధ్యక్షురాలి ఓపికను బట్టి ఉంటుంది.

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి కోసం రాస్తున్నాను. ఆమె కూడా నాలాగే నెల్లూరులో డిగ్రీ చదివి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. మండలి చరిత్ర కావాలంటే ఆమెకు ఎలాగూ ఒక ఫోటో ఆల్బం ఇస్తారు. కుట్టుమిషన్ల పంపిణీ, చేతులు కడుక్కునే దినోత్సవం, ముగ్గుల పోటీ, రిబ్బను కత్తిరింపులు అన్నీ అందులో ఉన్నాయి. చేతులు కడుక్కునే దినోత్సవం నాడు కుళాయిలో నీళ్లు రాలేదు. ఆ సంగతి మాత్రం ఫోటోలో పడలేదు.

పిల్లలిద్దరూ నిద్రపోయాక రాస్తున్నాను కనుక వరస తప్పితే సర్దుకోవాలి. మధ్యమధ్య లేచి వాళ్లకు జ్వరం ఏమైనా ఉందేమోనని నుదురు తాకి చూసే అలవాటు నాది. ఆకాశంలో మబ్బు కనిపిస్తే ఫోనులో వాతావరణం పదిసార్లు చూస్తాను. మా ఆయన రొయ్యల హేచరీలో పనిచేస్తారు. ఇంట్లో నన్ను ‘వాతావరణ శాఖ’ అని పిలుస్తారు. నన్ను కార్యదర్శిని చేసింది చదువు కాదు, ఈ కంగారే. మండలికి ఒక కంగారు మనిషి ఎప్పుడూ అవసరం. మిగతావాళ్లు నిశ్చింతగా ఉండాలి కదా.

పేరంటం ఎలా పుట్టింది

మా మండలి అసలు పని ఒక్కటే. తుఫాను వస్తుందంటే ఆడవాళ్లనూ పిల్లలనూ ఇళ్లలోంచి కదిలించి షెల్టరుకు చేర్చడం. మిగతావన్నీ ఆల్బం కోసం.

కదిలించడమంటే మాటలు కాదు. ఆటోకు మైకు కట్టి ఊరంతా చెబుతారు. వినేవాళ్లు వింటూనే చేపలు తోముకుంటారు. మైకు చెప్పిన తుఫానుల్లో చాలావాటికి మా ఊరి దారి దొరకదు. ఒకటి మచిలీపట్నం వైపు పోతుంది, ఇంకొకటి చెన్నై వైపు. పోలీసులు వచ్చి కసిరితే ఆడవాళ్లు ముందు గుమ్మంలోంచి బయటికి వచ్చి, వెనక గుమ్మంలోంచి లోపలికి పోయేవాళ్లు. కోళ్లున్నాయి, గ్యాసు బండ ఉంది, పాలిచ్చే గేదె ఉంది. ఇల్లు వదిలి ఎట్లా పోతాం అనేవాళ్లు.

మండలిని పెట్టింది సుశీలమ్మ టీచరు గారు. ఆవిడ ఒకసారి విసిగిపోయి, కుంకుమ భరిణె చేతిలో పట్టుకుని ఇంటింటికీ వెళ్లారట. గడపలో నిలబడి బొట్టు పెట్టి, “షెల్టరులో పేరంటం, తప్పకుండా రావాల” అని పిలిచారు. బొట్టు పెట్టి పిలిస్తే రానని అనకూడదు. కలెక్టరు చెప్పినా కదలని ఆడవాళ్లు మంచి చీర కట్టుకుని, పిల్లలకు తల దువ్వి, వానలో బయల్దేరారు. ఒక్క గంట పేరంటానికి సామాను ఎందుకని మూటలు కూడా తేలేదు. ఆడవాళ్లు కదిలాక మగవాళ్లు అన్నం వెతుక్కుంటూ వాళ్లే వచ్చారు. తాంబూలం ఇవ్వడం ఆలస్యం చేస్తూ, పాటలు పాడిస్తూ, సుశీలమ్మ గారు తుఫాను దాటేవరకూ వాళ్లను కూర్చోబెట్టేశారు.

అద్భుతమైన ఆలోచన. నిజంగానే అంటున్నాను. దానివల్ల బతికినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. పై ఊళ్ల నుంచి అధికారులు వచ్చి చూసి మెచ్చుకుని పోయారు.

కొన్నేళ్లకు సుశీలమ్మ గారి భర్త పోయారు. తర్వాత వచ్చిన తుఫానుకు మావాళ్లు భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్లారు, ఒక్క సుశీలమ్మ గారి ఇంటికి తప్ప. ఆవిడ నెల్లూరులో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. మండలి ఆవిడను గౌరవ సలహాదారుగా ఏకగ్రీవంగా ఎన్నుకుంది. గౌరవ సలహాదారు అంటే ఇక పిలవం అని అర్థం. నా తర్వాత వచ్చే అమ్మాయీ, ఇది నువ్వు గుర్తుపెట్టుకోవాల్సిన మాట, ఎందుకంటే ఇప్పుడు నేను కూడా గౌరవ సలహాదారునే.

అధ్యక్షురాలు

సుశీలమ్మ గారి తర్వాత అధ్యక్షురాలైన రాజ్యలక్ష్మమ్మ గారికి వరి పొలాలు, రొయ్యల గుంటలు, మైకు ముందు చెమర్చే కళ్లు ఉన్నాయి. చెడ్డ మనిషి కాదు. నా రెండో కాన్పులో సగం దారిలో అంబులెన్సు చెడిపోతే తన కారిచ్చి పంపింది ఆవిడే. ఆ కారు సంగతి నాకు ఏటా గుర్తు చేసేదీ ఆవిడే. చెడ్డ అధికారి కింద పని సులువు, తిట్టుకుంటూ చేసేయొచ్చు. మంచి అధికారి తప్పు చేసినప్పుడే మన నోరు పెగలదు.

ఆవిడ మండలిని నడిపే తీరులో ఒక్క లోపమే నేను చూశాను. పద్ధతి బాగా పనిచేస్తున్నంత కాలం అది ఎవరి విషయంలో పనిచేయడం లేదో ఆవిడ అడగదు. అడిగితే అశుభం మాట్లాడినట్టు చూస్తుంది.

సలోమి అక్క మండలి సంయుక్త కార్యదర్శి. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. మా ఊరి క్రైస్తవుల ఇళ్లు స్కూలు వైపున్నాయి. తుఫాను వస్తే వాళ్లను ప్రార్థన కూడిక అని పిలిచి పక్కా కట్టడమైన ఆ స్కూల్లో చేరుస్తుంది.

“మీకు కుంకుమ ఖర్చు, నాకు గొంతు ఖర్చు” అనేది నాతో. “మా వాళ్లలో మొగుడు పోయిన వాళ్లయితే ముందే వచ్చి ముందు బెంచీలో కూర్చుంటారు. మీవాళ్లు యాడ కూర్చుంటారు శైలజా?”

నేను ఆ ప్రశ్నను జోకు కింద తీసుకున్నాను. అధ్యక్షురాలు అసలు వినలేదు.

గుంటల మధ్య ఇల్లు

ఆ రోజు పొద్దున నేను షెల్టరులో వంట పనిలో ఉన్నాను. పిలుపులకు వెళ్లిన జట్టు తిరిగొచ్చి ఊరంతా పిలిచేశామంది. మధ్యాహ్నానికి హాలు నిండింది. అప్పుడు చూశాను నేను ఆ బొట్లను.

కోటమ్మ ఇల్లు ఊరి చివర, రొయ్యల గుంటలకూ కాలువకూ మధ్య ఉంటుంది. రేకుల కప్పు. ఆమె భర్త గుంట దగ్గర మోటారు వేస్తూ కరెంటు తగిలి పోయాడు. తను రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతుంది. వైష్ణవి మా అమ్మాయి హాసిని క్లాసే.

పిల్లలను ఒకావిడకు అప్పగించి కిందికి వచ్చాను. తనవాళ్లను పొద్దున్నే స్కూలుకు చేర్చిన సలోమి అక్క మాకు వంటలో సాయం చేస్తోంది. విషయం చెప్పగానే గరిటె పక్కన పెట్టి, అక్కడే ఉన్న వాళ్లాయన ఆటో ఎక్కించింది. కాలువ నీళ్లు అప్పటికే రోడ్డు మీదికి వచ్చాయి. ఆటో చక్రాలు సగం కనపడలేదు. తలకు తువాలు చుట్టుకుని ఆయన నోరెత్తకుండా తోలాడు. మా ఆయన అయితే అంతసేపూ ఉపన్యాసం ఇచ్చేవారు.

కోటమ్మ గడపలో నిలబడి కప్పును తాడుతో కిటికీ చువ్వకు కడుతోంది. మమ్మల్ని చూసి తాడు వదల్లేదు.

“ఏందక్కా, ఇప్పటికి గుర్తొచ్చినామా?”

“మైకు వినపళ్లేదా కోటమ్మా?” అన్నాను.

“మైకు యానాడు నిజం చెప్పింది గనక. పొద్దున మీవాళ్లు బొట్టు పెట్టుకుంటా ఆ గట్టు దాకా వచ్చినారు. మా గడప చూసి వెనక్కి మళ్లినారు. సరేలే, ఇది ముత్తైదువులకు వచ్చే తుఫానేమో, మాకు రాదేమోలే అనుకున్నా.”

జవాబు సలోమి అక్క చెప్పింది.

“బొట్టు నాకు కూడా పెట్టర్లే మే. నడువు. ఆటో ఆగిపోతే తోసేదానికి మనిషి కావాల.”

కోటమ్మ మొహంలో నవ్వు వచ్చీ రానట్టయింది. లోపలికి పోయి వైష్ణవిని చంకనేసుకుని వచ్చింది. వెనక మంచం మీద కూర్చున్న అత్త మాత్రం కదల్లేదు.

“మీరు పోండమ్మా. పిల్లను తీసకపోండి. నేను ఈడనే ఉంటా.”

“పెద్దమ్మా, గోడ తడిసిపోయింది, చూడు” అన్నాను.

“నలుగురు ముత్తైదువులు కూర్చున్న కాడికి ఇద్దరం ముండమోపులం పోతే బాగుంటదా? రేపు ఎవురింట్లో ఏం జరిగినా మా కాళ్లే అంటారు. నా కొడుకు పోయినప్పుడు పడినాంలే ఆ మాటలు.”

“నువ్వు రాకుంటే నేనూ రాను” అని కోటమ్మ పిల్లను దించేసింది.

నీళ్లు గడప తాకుతున్నాయి. వైష్ణవి ఒకసారి వాళ్లమ్మను, ఒకసారి నాయనమ్మను చూస్తోంది. డిగ్రీలో నాకు నేర్పినవన్నీ వెతుక్కున్నాను. పనికొచ్చేది ఏదీ తగల్లేదు. అబద్ధం చెప్పాను.

“పేరంటం అయిపోయింది పెద్దమ్మా. సెనగలు పంచేసినాం. ఇప్పుడు ఉత్త అన్నాలే.”

ముసలమ్మ నా మొహం కాసేపు చూసి లేచింది.

మెట్ల మీద

షెల్టరుకు హాలు పైన, ఖాళీ స్తంభాలు కింద, మధ్యలో బయటి వైపు మెట్లు. మేం నాలుగు మెట్లెక్కామో లేదో పైనుంచి పేరంటం పాట వినిపించింది. పేరంటం సగంలో కూడా లేదు. అధ్యక్షురాలు గాలి చప్పుడు వినపడకుండా ఇంకా గట్టిగా పాడిస్తోంది.

“అబద్ధం చెప్పినావే అమ్మాయ్” అని ముసలమ్మ అక్కడే కూర్చుండిపోయింది. కోటమ్మ పక్కన కూర్చుంది. వాన అడ్డంగా కొట్టి మెట్లను తడిపేస్తోంది. వైష్ణవిని నేను లాక్కుపోయి హాసిని పక్కన కూర్చోబెట్టాను. అప్పుడు అధ్యక్షురాలు గుమ్మంలోకి వచ్చి చూసింది.

“పెద్దామె మర్యాద తెలిసిన మనిషి. ఆ మెట్టు మీద ఒక చాప వేయించు శైలజా. వాన పడకుండా కప్పుకోను ఒక పట్టా కూడా ఇవ్వు, పాపం.”

“మేడమ్, లోపలికి పిలవండి. ఇది పేరంటం కాదు, తుఫాను.”

“ఆ మాట గట్టిగా అనబాకమ్మా.” గొంతు తగ్గించింది. “పేరంటం కాదని తెలిస్తే సగంమంది కోళ్లకు గింజలేసి వస్తామని లేస్తారు. ఆపుతావా నువ్వు?”

ఆ మాట నిజం. ఈ ఉద్యోగంలో నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది అదే, అధ్యక్షురాలు చాలాసార్లు నిజమే చెప్పేది. హాల్లో ఉన్న వందమందిని కాపాడుతున్న అబద్ధం ఒకటి, మెట్ల మీద ఇద్దరిని తడుపుతున్న అబద్ధం ఒకటి. రెండూ ఒకటే అబద్ధం.

ఆటో దిగగానే వంట దగ్గరికి పోయిన సలోమి అక్క చేతులు తుడుచుకుంటూ కింద నుంచి వచ్చింది. చాప పరిచిన మెట్టు చూసింది. ముసలమ్మ పక్కన కూర్చుని కొంగు తలకు చుట్టుకుంది.

“నువ్వేంది సలోమీ ఈడ? లోపలికి రా” అంది అధ్యక్షురాలు.

“నాకూ బొట్టు లేదు గదా మేడమ్. మర్యాద తెలిసిన మనిషినే నేను కూడా.”

నేను కూడా వెళ్లి కింది మెట్టు మీద కూర్చున్నాను. ధైర్యంతో కాదు. నిలబడితే గాలి తోసేస్తోంది, లోపలికి పోతే అధ్యక్షురాలి కళ్లలో పడాలి. మిగిలింది మెట్టే. నేను కనపడక మా చిన్నవాడు చరణ్ ఏడుపు లంకించుకుని బయటికి వచ్చాడు. వాడి వెనక హాసిని, హాసిని చెయ్యి పట్టుకుని వైష్ణవి. వాళ్ల వెనక పేరంటంలో విసిగిపోయిన పిల్లకాయలందరూ. వాళ్లకు మెట్ల మీద వాన మహా సరదాగా ఉంది. పిల్లలు కనపడక ఒక్కొక్క తల్లీ గుమ్మంలోకి వచ్చి కేకలేయడం మొదలుపెట్టింది. ఎవరి కేకా ఎవరూ వినలేదు. కిటికీ రెక్క ఒకటి ఊడి మా తలల మీదుగా ఎగిరిపోయింది.

అప్పటిదాకా గోడలా కూర్చున్న ముసలమ్మ లేచింది.

“బుద్ధుందా మీకు, చదువుకున్నోళ్లు? పిల్లకాయలు తడిసిపోతా ఉంటే కూర్చుని చూస్తా ఉండారు” అని నన్నే తిట్టింది. చరణ్‌ను చంకనేసుకుంది, మిగతావాళ్లను కోళ్లను తోలినట్టు ముందుకు తోలింది, పేరంటం మధ్యలోంచి నడుచుకుంటూ హాల్లోకి పోయింది. ముత్తైదువులు కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. ఆమె తడిసిన పిల్లలను కూర్చోబెట్టి ఒక్కొక్కరి తల కొంగుతో తుడుస్తోంది. ఆ పిల్లలు వాళ్ల పిల్లలే. ఏ తల్లీ వద్దనలేదు. కోటమ్మ గుమ్మం పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. దగ్గరున్నావిడ కాస్త జరిగింది. చోటివ్వడానికో, దూరం కావడానికో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆకాశం ఊరి మీద పడినట్టు గాలి వచ్చింది ఆ తర్వాతే.

ఆ తర్వాత మండలి ఏం చేసింది

ఇక్కడ కథ పక్కకు పోతోంది, అయినా నీకు పనికొస్తుంది. తర్వాతి సమావేశంలో నేను బొట్టు మానేద్దామన్నాను. ఊరి పద్ధతి పోతుందన్నారు. పోనీ బొట్టు పెట్టకుండానే పిలవాల్సిన ఇళ్లకు ముందు వెళ్దామన్నాను. పొద్దున్నే ముందు ఆ ముఖాలు చూసి తర్వాత ముత్తైదువుల ఇంటికి ఎట్లా పోతామన్నారు. చివరికి ‘ప్రత్యేక సంరక్షణ ఉపసంఘం’ పెట్టారు. ముత్తైదువుల పిలుపులు పూర్తయ్యాక, వీలుంటే, ఈ ఉపసంఘం మిగతా ఇళ్లకు వెళ్తుంది. తుఫానుకు ఆ సంగతి ఎవరు చెబుతారని అడిగాను. ఆ రోజే నా పదవి గౌరవప్రదమైంది.

ఇప్పుడు మైకు మొదలవగానే సలోమి అక్క, కోటమ్మ, నేను ఆటోలో బయల్దేరి ఆ ఇళ్లకే ముందు వెళ్తాం. మండలికి సంబంధం లేదు. కోటమ్మ పిలుపు సలోమి అక్క పిలుపు కంటే చిన్నది. “లెయ్యండి, నీళ్లొస్తా ఉండాయి” అంటుంది. లేస్తున్నారు. నీకు వీలైతే మాతో రా. ఆటోలో నలుగురు పడతారు.

తెల్లవారి

పొద్దున వాన తెరిపిచ్చింది. కోటమ్మ ఇంటికి కప్పు లేదు. వెనక గోడ పడి, ముసలమ్మ కూర్చుని ఉన్న ఆ మంచం మట్టి కింద ఉంది. కోటమ్మ మంచం కోడు ఒకటి పట్టుకుని లాగి చూసి వదిలేసింది.

నష్టం చూడటానికి అధికారి ఒకరు షెల్టరుకు వచ్చారు. అధ్యక్షురాలు ఊరంతా క్షేమమని చెప్పి, “ఒక్క ఇల్లు పొరపాటున మర్చిపోయినామండీ, మళ్లీ వెంటనే గుర్తొచ్చింది” అంది. ఆయన తల ఊపారు. ఆ మాట అంత నున్నగా ఉంది, నేను కూడా దాదాపు నమ్మాను.

నా పిల్లలు పక్కనే ఉప్మా తింటున్నారు.

“అమ్మా, వైష్ణవీ వాళ్లను మర్చిపోయినారంట గదా” అంది హాసిని. “నన్ను అడిగుంటే నేను గుర్తు చేసుండేదాన్ని. నా బెంచీలోనే కూర్చుంటది.”

అవునమ్మా, మర్చిపోయాం అని తలూపితే సరిపోయేది. ఏడేళ్ల పిల్లకు అంతకన్నా ఎందుకు?

“మర్చిపోలేదు” అన్నాను. “మా మండలి వాళ్లు ఆ ఇంటి దగ్గరి దాకా వెళ్లి, చూసి, వెనక్కి వచ్చేశారు.”

“ఎందుకు?”

“వాళ్ల నాన్న చచ్చిపోయాడని.”

హాసిని ఆలోచించింది. చరణ్ ఆలోచించలేదు. వాడు ఇంకా ఆలోచించే వయసుకు రాలేదు కనుక వెంటనే అడిగాడు.

“నాన్న చచ్చిపోతే మనల్ని కూడా పిలవరా?”

మామూలుగా అయితే అలాంటి మాటకు మూడుసార్లు ఉమ్మేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, సాయంత్రం దాకా గుండె పట్టుకు తిరిగే మనిషిని నేను.

“పిలవరు” అన్నాను. “అప్పుడు మనం పిలవకుండానే రావాల. నేను రానంటే మీరిద్దరూ నా చేతులు పట్టుకుని లాక్కురండి. మెట్ల మీద కూర్చోనీబాకండి. హాలు మధ్యలోకి తీసకపోయి కూర్చోబెట్టండి.”